యూట్యూబ్ వీడియోలపై కాపీరైట్ ఫిర్యాదులు: భారత చట్టం ఎవరిని, ఎంతవరకు కాపాడుతుంది?

ఏక్‌బాల్‌పూర్ (కోల్‌కతా): ఒకవైపు ఖిదిర్‌పూర్ రేవు, మరోవైపు అలీపూర్‌లోని జాతీయ గ్రంథాలయం. ఈ రెండింటి నడుమ ఉన్న ఏక్‌బాల్‌పూర్ వీధుల్లో సాయంత్రం వేళ ఫోను పట్టుకొని వంటకాల వీడియోలు తీసేవారు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. అలాంటి వీడియో ఒకటి ఊహించుకుందాం. బిర్యానీ హోటల్ ముందు నిలబడి ఒక యువకుడు ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు. లోపల మోగుతున్న హిందీ సినిమా పాట ఇరవై సెకన్ల పాటు వీడియోలోకి వచ్చింది. మధ్యలో, ఈ ప్రాంతం గురించి ఒక టీవీ ఛానల్ గతంలో ప్రసారం చేసిన వార్త నుంచి పది సెకన్లు చూపి, అందులోని పొరపాటును ఎత్తిచూపాడు. చివర్లో ఒక పాత రికార్డు నుంచి రవీంద్ర సంగీతం కలిపాడు.

వీడియో పెట్టిన కొద్దిసేపటికే హెచ్చరిక రావచ్చు. కొన్ని రోజుల తరువాత వీడియోయే మాయం కావచ్చు. ‘కాపీరైట్ పడింది’ అని యూట్యూబర్లు ఒకే మాటతో చెప్పుకొనే ఈ పరిణామాల వెనుక నిజానికి రెండు వేర్వేరు వ్యవస్థలు ఉన్నాయి. ఒకటి యూట్యూబ్ సంస్థ సొంత నిబంధనలు. రెండోది 1957 నాటి భారత కాపీరైట్ చట్టం. మొదటిది రెండోదాని ప్రకారమే నడుస్తుందని అనుకోవడం వల్లనే చాలామంది నష్టపోతున్నారు.

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు

యూట్యూబ్‌లో ‘కంటెంట్ ఐడీ’ అనే యంత్ర వ్యవస్థ 2007 నుంచి పనిచేస్తోంది. పాటల కంపెనీలు, సినిమా నిర్మాణ సంస్థలు, ప్రసార సంస్థలు తమ రచనల నమూనాలను అందులో భద్రపరుస్తాయి. కొత్తగా వచ్చే ప్రతి వీడియోను యంత్రం వాటితో పోల్చి చూస్తుంది. పోలిక కుదిరితే క్లెయిమ్ నమోదవుతుంది. ఆపైన ఏం జరగాలన్నది హక్కుదారు ముందుగానే ఎంచుకొని ఉంటారు. వీడియోను అడ్డుకోవచ్చు, ప్రకటనల ఆదాయాన్ని తాము తీసుకోవచ్చు, లేదా ఎవరు చూస్తున్నారో గమనిస్తూ ఊరుకోవచ్చు. సాధారణంగా జరిగేది రెండోది. దీనివల్ల ఛానల్‌కు మచ్చ రాదు, ఆ వీడియోపై వచ్చే రాబడి మాత్రం పోతుంది.

స్ట్రైక్ అలా కాదు. హక్కుదారు చట్టబద్ధమైన తొలగింపు నోటీసు పంపితే యూట్యూబ్ వీడియోను తీసివేసి, ఛానల్‌పై స్ట్రైక్ వేస్తుంది. 90 రోజుల వ్యవధిలో మూడు స్ట్రైకులు పడితే ఛానల్‌ను, దానితో ముడిపడిన ఇతర ఛానళ్లను రద్దు చేయవచ్చు. అప్పటివరకు పెట్టిన వీడియోలన్నీ పోతాయి. ఆదాయ భాగస్వామ్య పథకంలో ఉన్నవారికి రద్దుకు ముందు ఏడు రోజుల గడువు దొరుకుతుంది. స్ట్రైక్ పడిన వీడియోను మనమే తొలగించినంత మాత్రాన స్ట్రైక్ పోదు. 90 రోజులు గడిచి, కాపీరైట్ పాఠం పూర్తిచేయాలి. లేదా ఫిర్యాదుదారు ఉపసంహరించుకోవాలి. అదీ కాకపోతే ప్రతినోటీసు ఇవ్వాలి.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సమస్య అర్థమవుతుంది. యూట్యూబ్ 2021 ప్రథమార్ధానికి విడుదల చేసిన నివేదిక ప్రకారం ఆ ఆరు నెలల్లో కంటెంట్ ఐడీ క్లెయిములు 72 కోట్లకు పైగా నమోదయ్యాయి. వాటిలో వివాదానికి వెళ్లినవి ఒక శాతం కంటే తక్కువ. వెళ్లినవాటిలో మాత్రం దాదాపు 60 శాతం, అంటే సుమారు 22 లక్షలు, వీడియో పెట్టినవారికే అనుకూలంగా ముగిశాయి. మిగిలిన 99 శాతం క్లెయిములన్నీ సరైనవే అయి ఉంటాయా, లేక భయపడి ఊరుకున్నవారు వాటిలో ఎందరో ఉన్నారా అన్నది ఈ లెక్కలు చెప్పవు. రెండోదానికే ఎక్కువ అవకాశం ఉందని ఈ రచయిత అభిప్రాయం.

‘ఫెయిర్ యూజ్’, ‘ఫెయిర్ డీలింగ్’: అనువాదంలో కలిసిపోయిన రెండు మాటలు

తెలుగు పత్రికల్లో ‘ఫెయిర్ యూజ్’నూ, ‘ఫెయిర్ డీలింగ్’నూ ఒకే విధంగా ‘న్యాయసమ్మత వినియోగం’ అని రాస్తున్నాం. ఇందులో అనువాదకుల తప్పు ఉంది. మాటలు దగ్గరివే గాని చట్టంలో వాటి దారులు వేరు.

ఫెయిర్ యూజ్ అమెరికా సిద్ధాంతం. అక్కడి చట్టంలోని 107వ సెక్షన్ నాలుగు అంశాలను చూడమంటుంది. వినియోగం ఉద్దేశం, స్వభావం ఏమిటి? మూల రచన ఎలాంటిది? ఎంత భాగం వాడారు? మూల రచన మార్కెట్‌పై ప్రభావం ఎంత? ఏ ప్రయోజనానికి వాడుకోవచ్చన్న జాబితాకు హద్దు లేదు. వాదించి ఒప్పించగలిగితే కొత్త రకం వినియోగం కూడా రక్షణ పొందవచ్చు. ఒకరి వీడియోను చూపుతూ దానిపై వ్యాఖ్యానించే ‘రియాక్షన్’ వీడియో ఫెయిర్ యూజ్ కిందికి వస్తుందని న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు 2017లో హొస్సేన్‌జాదే కేసులో తీర్పు ఇచ్చింది. తొలగింపు నోటీసు పంపే ముందు ఫెయిర్ యూజ్ అవునో కాదో హక్కుదారు ఆలోచించి తీరాలని అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2015లో లెంజ్ కేసులో చెప్పింది. ఒక పసివాడు వంటగదిలో పాటకు గంతులు వేస్తుండగా తీసిన 29 సెకన్ల వీడియో ఆ వివాదానికి మూలం.

భారత చట్టం అనుసరించేది ఫెయిర్ డీలింగ్‌ను. బ్రిటిష్ చట్టం నుంచి వచ్చిన ఈ పద్ధతిలో మొదట చూసేది ప్రయోజనం. 52వ సెక్షన్ ఒకటో ఉపసెక్షన్‌లోని మొదటి క్లాజు మూడు ప్రయోజనాలను పేర్కొంటుంది. పరిశోధనతో సహా వ్యక్తిగత వినియోగం ఒకటి. ఆ రచనపై గాని, మరో రచనపై గాని విమర్శ లేదా సమీక్ష రెండోది. బహిరంగ ప్రసంగాల నివేదనతో సహా వర్తమాన ఘటనల, వ్యవహారాల వార్తా కథనం మూడోది. ఈ మూడింటిలో ఒకదాని కిందికి రాకపోతే, ఎంత కొద్దిగా వాడినా, ఎంత మంచి ఉద్దేశంతో వాడినా ఈ క్లాజు ఆదుకోదు. వినోదం కోసం కలిపిన నేపథ్య సంగీతం ఈ జాబితాలో లేదు. వీడియో చూసేవారి మనసు రంజింపజేయడం అన్న ప్రయోజనాన్ని పార్లమెంటు ఇందులో చేర్చలేదు.

అయితే 2012లో జరిగిన ఒక మార్పు వీడియోలు తీసేవారికి ఎంతో ముఖ్యం. అప్పటివరకు ఈ రక్షణ సాహిత్య, నాటక, సంగీత, కళారచనలకే పరిమితం. సినిమాను గాని, ధ్వని ముద్రణను గాని విమర్శ కోసం వాడుకోవడానికి అందులో స్పష్టమైన చోటు లేదు. 2012 జూన్ 21న అమల్లోకి వచ్చిన సవరణతో కంప్యూటర్ ప్రోగ్రామ్ మినహా ‘ఏ రచన అయినా’ అన్న మాట చేరింది. సినిమా సమీక్షలో సన్నివేశం చూపడానికీ, టీవీ వార్తను తప్పుపడుతూ ఆ వార్త తునకను చూపడానికీ నేడు చట్టంలో ఆధారం ఇదే.

ఏక్‌బాల్‌పూర్ వీడియోలోని పది సెకన్ల టీవీ దృశ్యం ఈ కోవలోకి వస్తుంది. చూపింది తప్పును ఎత్తిచూపడానికి. వాడింది అవసరమైనంత మేరకే. దాన్ని చూసినవారు ఇక ఆ ఛానల్ వార్త చూడనక్కర లేదని అనుకోరు. న్యాయస్థానాలు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

న్యాయస్థానాలు ఏం చెప్పాయి

‘పది సెకన్ల లోపు వాడుకోవచ్చు’, ‘ముప్పై సెకన్ల దాకా పరవాలేదు’ అనే మాటలు యూట్యూబర్లలో ప్రచారంలో ఉన్నాయి. భారత చట్టంలో అలాంటి కొలత ఎక్కడా లేదు. ‘హక్కులన్నీ అసలు యజమానులవే’ అని వీడియో కింద రాసినంత మాత్రాన రక్షణ దొరకదు. ఆ రాత కొన్నిసార్లు, ఇది పరాయి సొత్తని తెలిసే వాడారనడానికి సాక్ష్యంగా మారవచ్చు కూడా.

కేరళ హైకోర్టు 1996లో సివిక్ చంద్రన్ కేసులో మూడు కొలమానాలు చెప్పింది. వాడిన భాగం పరిమాణం, విలువ; వాడిన ప్రయోజనం; రెండు రచనల మధ్య పోటీ ఏర్పడే అవకాశం. తోప్పిల్ భాసి రాసిన ప్రసిద్ధ మలయాళ నాటకానికి ప్రతినాటకంగా, అందులోని పాత్రలను, సంభాషణలను తీసుకొని విమర్శనాత్మకంగా రాసిన నాటకం ఆ వివాదానికి మూలం. విమర్శ కోసం వాడినందువల్ల ప్రదర్శనను ఆపనక్కర లేదని కోర్టు భావించింది. పేరడీ వీడియోలు చేసేవారు చదవదగిన తీర్పు ఇది.

బిర్యానీ హోటల్‌లో మోగిన పాటకు దగ్గరి కేసు ఢిల్లీది. ఒక గాయని టీవీ కార్యక్రమంలో తాను పాడిన సినిమా పాటల నుంచి కొన్ని పంక్తులు పాడారు. దానిపై యశ్‌రాజ్ ఫిల్మ్స్ కోర్టుకెక్కింది. 2012 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఇండియా టీవీ పక్షాన నిలిచి, అతి స్వల్ప విషయాల జోలికి చట్టం పోదన్న పాత సూత్రాన్ని వర్తింపజేసింది. నష్టం ఎంత, విచారణకయ్యే ఖర్చు ఎంత, వాడినవారి ఉద్దేశం ఏమిటి వంటి ఐదు అంశాలను పరిశీలించాలని చెప్పింది. హోటల్‌లో దానంతట అదే వినిపించిన ఇరవై సెకన్ల పాటకు ఈ తీర్పు మంచి ఆధారమే. కాని కంటెంట్ ఐడీ యంత్రం ఢిల్లీ హైకోర్టు తీర్పు చదవదు. పాట కనిపిస్తే చాలు, క్లెయిమ్ వేస్తుంది.

వార్తా దృశ్యాల విషయం ఇంకా తేలలేదు. టీవీ టుడే సంస్థ తన ఛానళ్ల కార్యక్రమాలను విమర్శిస్తూ వాటి దృశ్యాలు చూపిన న్యూస్‌లాండ్రీపై 2021లో దావా వేసింది. 2022 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. వినియోగం న్యాయసమ్మతమా కాదా అన్నది విచారణలో సాక్ష్యాల ఆధారంగా తేలవలసిన విషయమని భావించింది.

2025 మే నెలలో ఈ చర్చ ఇంటింటికీ చేరింది. యూట్యూబర్ మోహక్ మంగల్ వార్తా సంస్థ ఏఎన్ఐపై తీవ్ర ఆరోపణలతో వీడియో విడుదల చేశారు. కోల్‌కతా వైద్యురాలి హత్యాచార ఘటనపై తాను చేసిన 16 నిమిషాల వీడియోలో 11 సెకన్ల ఏఎన్ఐ దృశ్యం వాడినందుకు స్ట్రైక్ వేశారని, స్ట్రైకుల ఉపసంహరణకు లైసెన్సు రూపంలో దాదాపు 45 నుంచి 50 లక్షల రూపాయలు అడిగారని ఆయన ఆరోపించారు. తన దృశ్యాలపై సంపూర్ణ హక్కు తనదేనని, హక్కును కాపాడుకోవడం చట్టబద్ధమేనని ఏఎన్ఐ వాదించింది. ఆ సంస్థ వేసిన పరువునష్టం దావాలో ఢిల్లీ హైకోర్టు మే 29న, వీడియోలోని కొన్ని అభ్యంతరకర భాగాలను తొలగించాలని మంగల్‌కు సూచించింది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. కోర్టు ఆ రోజు పరిశీలించింది మాటల తీరును. 11 సెకన్ల వాడకం ఫెయిర్ డీలింగా కాదా అన్న ప్రశ్నకు ఆ ఉత్తర్వులో సమాధానం లేదు.

వార్తా సంస్థలో పనిచేసే వ్యక్తిగా ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. దృశ్యాలు ఊరికే రావు. కెమెరామన్ జీతం, ప్రయాణం, ప్రసార సామగ్రి అన్నింటికీ ఖర్చవుతుంది. ఆ దృశ్యాలను ఛానళ్లకు అమ్మడమే వార్తా సంస్థల జీవనాధారం. ఎవరో తీసిన వార్తను యథాతథంగా పెట్టి ప్రకటనల డబ్బు సంపాదించే ఛానళ్లపై చర్య తీసుకోవడం న్యాయమే. అయితే 52వ సెక్షన్ కూడా చట్టంలో భాగమే. మూడు స్ట్రైకులతో ఏళ్ల శ్రమ ఒక్కసారిగా పోతుందన్న భయాన్ని బేరానికి ఆయుధంగా వాడితే, ధర ఎంతో చెప్పేది మార్కెట్ కాదు, ఆ భయమే. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. వార్తలోని వాస్తవాలపై ఎవరికీ కాపీరైట్ లేదు. హక్కు ఉండేది దృశ్యంపై, దాన్ని చెప్పిన వాక్యాలపై మాత్రమే. ఆలోచనకూ ఇదే వర్తిస్తుంది. బార్బరా టేలర్ బ్రాడ్‌ఫోర్డ్ తన నవలను పోలి ఉందంటూ ‘కరిష్మా’ సీరియల్‌పై వేసిన కేసులో కలకత్తా హైకోర్టు 2003లో ఇదే సూత్రాన్ని బలంగా చెప్పింది.

రేవులో ఆగిన క్యాసెట్లు

కాపీరైట్ చరిత్రలో ఈ ప్రాంతానికి ఇంకో చోటు ఉంది. సింగపూర్ నుంచి ఖాఠ్మండూకు పంపిన పాటల క్యాసెట్ల సరుకు ఓడలో కలకత్తా రేవుకు చేరింది. వాటిలో చాలా భాగం దొంగ ముద్రణలేనని తెలిసి గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కాపీరైట్ రిజిస్ట్రారును ఆశ్రయించింది. సరుకు నేపాల్ పోతోంది, భారత్‌లో అమ్మేది కాదు, కాబట్టి ఇది దిగుమతి కాదని కలకత్తా హైకోర్టు డివిజన్ బెంచి భావించింది. 1984 ఫిబ్రవరి 21న సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. భారత భూభాగంలోకి తీసుకురావడమే దిగుమతి, అది దేశం దాటి పోయే సరుకైనా సరే అని చెప్పింది. తీర్పు రాసినవారు అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. నేపాల్‌తో ఉన్న రవాణా ఒప్పందాన్ని, అంతర్జాతీయ న్యాయాన్ని పరిశీలిస్తూ సాగిన ఆ తీర్పు నేటికీ న్యాయ కళాశాలల్లో పాఠ్యాంశం.

ఆ గ్రామఫోన్ కంపెనీయే నేటి సరిగమ. హెచ్‌ఎంవీ ముద్రతో వచ్చిన పాత తెలుగు, హిందీ, బెంగాలీ పాటల హక్కులు పెద్ద సంఖ్యలో దాని చేతిలో ఉన్నాయి. అప్పుడు రేవులో పెట్టెలు ఆగాయి. ఇప్పుడు అదే పాటలు సర్వరులో ఆగుతున్నాయి.

ఒకే పాటలో మూడు హక్కులు

ఏక్‌బాల్‌పూర్ వీడియో చివరి పాటకు వద్దాం. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో కన్నుమూశారు. అప్పటి చట్టం ప్రకారం కాపీరైట్ రచయిత మరణానంతరం 50 ఏళ్లు. 1991 చివరలో ఠాగూర్ రచనల గడువు ముగియవచ్చిన దశలో ప్రభుత్వం దాన్ని 60 ఏళ్లకు పెంచింది. దానితో విశ్వభారతి హక్కు మరో పదేళ్లు నిలిచి, 2001 డిసెంబరు 31తో ముగిసింది. నేడు ఆ పాటల సాహిత్యం, బాణీ అందరివీ. ఎవరైనా సొంతంగా పాడి వీడియో చేసుకోవచ్చు.

అయితే మన యువకుడు సొంతంగా పాడలేదు, రికార్డు నుంచి తీసుకున్నాడు. ధ్వని ముద్రణపై హక్కు వేరే ఉంటుంది. అది విడుదలైన సంవత్సరం తరువాత 60 ఏళ్లు. 1975లో విడుదలైన రికార్డు 2035 చివరి వరకు కంపెనీదే. ఠాగూర్ పాట స్వేచ్ఛ పొందింది గాని, ఆ గాయకుడి గొంతు ఉన్న రికార్డు ఇంకా పొందలేదు.

తెలుగులో దీనికి తిరగబడిన ఉదాహరణ దొరుకుతుంది. ‘గుండమ్మ కథ’ 1962లో విడుదలైంది. సినిమాపై కాపీరైట్ 60 ఏళ్ల లెక్కన 2022 చివరితో ముగిసింది. కాని పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో, సంగీతం కూర్చిన ఘంటసాల 1974లో మరణించారు. సాహిత్యంపై, బాణీపై గడువు రచయిత జీవితకాలంతో లెక్క గనుక, అవి వరుసగా 2031, 2034 చివరి వరకు నిలుస్తాయి. ఆ హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయన్నది నాటి ఒప్పందాలను బట్టి ఉంటుంది. పాత సినిమా కదా అని పాట మొత్తం పెట్టేవారికి ఈ తేడా తెలియకే క్లెయిములు వస్తుంటాయి.

పాటను కొత్తగా పాడి పెట్టడం కూడా పూర్తి రక్షణ కాదు. రికార్డు విడుదలై ఐదు క్యాలెండరు సంవత్సరాలు గడిచాక, ముందుగా తెలియజేసి, రాయల్టీ చెల్లించి కొత్త ధ్వని ముద్రణ చేసుకోవడానికి 31సీ సెక్షన్ అనుమతిస్తుంది. అది ధ్వనికే, దృశ్యంతో కలిపిన వీడియోకు కాదు. 2017లో ఇళయరాజా పంపిన నోటీసుతో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికా కచేరీల్లో ఆయన పాటలు పక్కన పెట్టవలసి వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పాడినవారికే ఆ పరిస్థితి ఎదురైంది.

పెళ్లి వీడియోలు తీసేవారి అపోహ ఒకటి ఉంది. పెళ్లి ఊరేగింపుతో సహా మతపరమైన వేడుకల్లో పాటలు వేయడానికి, పాడడానికి చట్టం మినహాయింపు ఇచ్చిన మాట నిజం. అది ఆ వేడుక వరకే. అదే పాటతో వీడియో కూర్చి యూట్యూబ్‌లో పెట్టడం ఆ మినహాయింపు పరిధిలోకి రాదు. దుర్గాపూజ మండపాల విషయం మరో రకం. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కళారూపాన్ని సినిమాలో చేర్చుకోవచ్చునని చట్టం చెబుతోంది. మండపం శాశ్వతం కాదు, పది రోజులకే విప్పేస్తారు. అయినా అది నేపథ్యంగానో, ప్రధాన విషయానికి అనుషంగికంగానో కనిపిస్తే అభ్యంతరం లేదని అదే క్లాజు రెండో భాగం అంటుంది. ఖిదిర్‌పూర్ వీధుల్లో జనసందోహాన్ని తీస్తున్నప్పుడు మండపం కనిపించడానికీ, ఒక కళాకారుడి మండపమే వీడియో మొత్తం కావడానికీ తేడా ఇక్కడుంది.

నోటీసు వచ్చాక

క్లెయిమ్ అయితే ముందు అది ఏ భాగంపై వచ్చిందో చూడాలి. పాట అవసరం లేనిదైతే ఆ భాగాన్ని కత్తిరించడానికి, శబ్దం తీసివేయడానికి, వేరే పాటతో మార్చడానికి యూట్యూబ్‌లోనే సాధనాలు ఉన్నాయి. వినియోగం సరైనదేనని నమ్మితే వివాదం నమోదు చేయవచ్చు. హక్కుదారు 30 రోజుల్లో స్పందించకపోతే క్లెయిమ్ పోతుంది. తిరస్కరిస్తే అప్పీలు చేయవచ్చు. దానికి గడువు ఏడు రోజులు. అయిదు రోజుల్లోపు వివాదం వేస్తే మొదటి రోజు నుంచి వచ్చే ఆదాయాన్ని యూట్యూబ్ విడిగా నిలిపి ఉంచి, గెలిచినవారికి ఇస్తుంది. అప్పీలును కూడా తిరస్కరించి హక్కుదారు తొలగింపు నోటీసు పంపితే మాత్రం స్ట్రైక్ పడుతుంది. ఆ మెట్టు ఎక్కే ముందు ఆలోచించుకోవాలి.

స్ట్రైక్‌కు సమాధానం ప్రతినోటీసు. పొరపాటున లేదా తప్పుగా గుర్తించి వీడియోను తొలగించారని, ఈ మాట అబద్ధమైతే శిక్షకు పాత్రులమని అమెరికా చట్టం కింద ప్రకటించాలి. అమెరికాలోని న్యాయస్థాన పరిధికి అంగీకరించాలి. పేరు, చిరునామా ఫిర్యాదుదారుకు చేరతాయి. న్యాయవాది ద్వారా పంపే వీలుంది. ఆ తరువాత ఫిర్యాదుదారు 10 అమెరికా పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్లు ఆధారం చూపాలి. చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది, స్ట్రైక్ తొలగుతుంది. ఏక్‌బాల్‌పూర్‌లో తీసిన వీడియోపై ముంబయి కంపెనీ ఫిర్యాదుకు కాలిఫోర్నియా న్యాయ పరిధిని అంగీకరించవలసి రావడమే ఈ వ్యవస్థలోని విచిత్రం. ఫెయిర్ యూజ్ వీడియోలను కాపాడతానని, కొన్నింటి న్యాయ ఖర్చులు పది లక్షల డాలర్ల వరకు భరిస్తానని యూట్యూబ్ 2015 నవంబరులో ప్రకటించింది. ఆ పథకం ఎంపిక చేసిన కొద్ది వీడియోలకే, అదీ అమెరికాలో అందుబాటులో ఉంచేందుకే.

ఈ విషయంలో భారత నిబంధనలు వీడియో పెట్టినవారికి కొంత మేలుగా ఉన్నాయి. 2013 కాపీరైట్ నిబంధనల్లోని 75వ నిబంధన ప్రకారం తొలగింపు కోరేవారు తమ హక్కుకు ఆధారం చూపాలి. ఫిర్యాదు చేసిన ప్రతి 52వ సెక్షన్ మినహాయింపుల్లోకి రాదని వివరించాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తామని రాసివ్వాలి. వేదిక 36 గంటల్లో ఆ ప్రతిని అందుబాటులో లేకుండా చేయాలి. 21 రోజుల్లో ఉత్తర్వు రాకపోతే తిరిగి అందుబాటులోకి తేవచ్చు. అంటే ఫెయిర్ డీలింగ్ కాదని ముందుగా చెప్పవలసిన బాధ్యత ఫిర్యాదుదారుదే. యూట్యూబ్ ఫారం ద్వారా పంపే నోటీసులు అమెరికా విధానంలో నడవడంతో ఈ నిబంధన ఆచరణలో పక్కకు పోతోంది.

మరో ఆయుధం 60వ సెక్షన్. ఆధారం లేకుండా కాపీరైట్ పేరిట చట్టపరమైన చర్యలంటూ బెదిరిస్తే, బాధితులే ముందుగా కోర్టుకు వెళ్లి ఆ బెదిరింపు నిరాధారమని ప్రకటింపజేయవచ్చు. వాటిని ఆపే ఉత్తర్వును, నష్టపరిహారాన్ని కోరవచ్చు. ఎదుటివారు తగిన శ్రద్ధతో ఉల్లంఘన దావా వేసి నడిపిస్తే మాత్రం ఈ సెక్షన్ వర్తించదు.

చట్టంలో క్రిమినల్ పార్శ్వం కూడా ఉంది. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఇది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022 మే 20న నిట్‌ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సినిమా మొత్తాన్ని ముక్కలుగా చేసి పెట్టే ఛానళ్లకు ఇది హెచ్చరిక. విమర్శ కోసం పది సెకన్లు చూపినవారి పరిస్థితి ఇది కాదు. అయినా ఫిర్యాదు అందుకున్న పోలీసుస్టేషన్‌లో ఆ తేడాను వివరించవలసింది వారే.

వీడియో తీసేటప్పుడే కొన్ని ఆధారాలు దాచుకోవడం మంచిది. పరాయి దృశ్యం ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఎన్ని సెకన్లు, దానిపై ఏం వ్యాఖ్యానించారు అన్నది రాసి ఉంచుకోవాలి. వ్యాఖ్య లేకుండా దృశ్యం నడిచే సెకన్లు ఎంత తగ్గితే 52వ సెక్షన్ వాదన అంత బలపడుతుంది. ఏక్‌బాల్‌పూర్ యువకుడి వీడియోలో టీవీ దృశ్యాన్ని అలాగే ఉంచి, హోటల్ పాట శబ్దం తగ్గించి, ఠాగూర్ పాటను ఇంట్లో ఎవరిచేతనైనా పాడిస్తే చాలు. మిగిలిన ఎనిమిది నిమిషాల మాటలు, బిర్యానీ ఎలాగూ అతనివే.